పేరు చెప్పని ప్రార్థన

ఫిబ్రవరి 10, సోమవారం

నేను ఎవరి మీదా నింద వేయలేదు. ఈ మాట మొదట రాయమన్నాను. రాసింది. చదివి వినిపించింది. సరిగ్గానే ఉంది.

రాస్తున్నది భానుమతి. మా కింది గదిలో ఉంటుంది. ఇచ్ఛాపురం వైపు నుంచి పెళ్లయి వచ్చి రెండేళ్లయింది, పదో తరగతి చదివింది. మా కలకత్తా ఓడరేవు డాకు క్వార్టర్లలో పుట్టిపెరిగిన పిల్లలకు బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు, తెలుగు మాత్రం నోటి వరకే. పైగా భానుమతి మా చర్చి సంఘపు మనిషి కాదు, ఇంట్లో దేవుడి పటాలున్నాయి. అందుకే పిలిచాను. మా వాళ్లతో రాయించుకుంటే రాసిన మాట సాయంత్రానికి ఖిదిర్‌పూర్ బజారు దాటుతుంది. నా మాట నా యాసలో కాక పుస్తకంలో ఉన్నట్టు పెట్టమన్నాను. ఆ నింద సంగతి మీద ఇరవై మూడో తారీకున రమ్మని సంఘం కమిటీ పిలిచింది. ఈ కాగితం వాళ్ల ముందు చదవాలి.

నిన్న ఆరాధన నుంచి వచ్చి కుళాయి దగ్గర నీళ్లు పడుతున్నాను. మా పక్క గుమ్మం కామాక్షమ్మ కొడుకు ప్రవీణ్‌కుమార్ వచ్చాడు. బ్యాంకులో పని చేస్తాడు. నా చేతుల మీద పెరిగినవాడే. ఆడవాళ్లందరి ముందూ నా బిందెను కాలితో పక్కకు జరిపాడు.

“మా అమ్మని ఎందుకు బజారుకీడ్సినావు? నీకేటి సేసింది?”

“నాను పేరెత్తనేదురా. ప్రార్థన సేసినాను.”

“అది ప్రార్థనేటి? సాటింపు. డప్పొకటే తక్కువ.”

“పెద్దదాన్ని. మాట సూసుకో.”

“పెద్దదానివి కాబట్టే మాటతో పోతంది.”

బిందెలు పట్టుకున్నవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డెబ్భై నాలుగేళ్లకు ఈ మర్యాద.

ఇక నా పక్షం. కామాక్షమ్మ, నేను ఒకే ఏడాది పెళ్లిళ్లయి ఇక్కడికి వచ్చాం. ఇద్దరి మగవాళ్లూ డాకులో బస్తాలు మోశారు, ఇద్దరూ పోయారు. మా గుమ్మాలకు మధ్య పదడుగుల వరండా. చుట్టరికం లేదు, అయినా నేను ఆమెకు వదిన, ఆమె నాకు వదిన. ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాం. సింహాచలమ్మ అన్న పేరు మార్చుకోమని అప్పటి పాస్టరుగారు అడిగితే, ఈ పేరు పెట్టే కదా ప్రభువు నన్ను పిలిచాడు అన్నాను. నన్ను చూసి ఆమె కూడా తన పేరు ఉంచుకుంది. నలభై ఆరేళ్లు.

జనవరి ఏడు, మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఇంటికి వస్తుంటే సంచిలోంచి మందార దండ కనబడింది. చీర చెంగుకు సిందూరం. కలకత్తాలో మంగళవారం నాడు ఎర్రమందారం ఎవరికి వెళుతుందో చంటిపిల్లను అడిగినా కాళికే అని చెబుతుంది. పద్నాలుగున మళ్లీ అదే. ఇరవై ఒకటిన నేను క్రాసింగు దాకా నడిచాను. మంగళవారాలు లిలువాలో కూతురి ఇంటికి వెళుతున్నానని కొడుకుతో చెప్పింది. లిలువా వెళ్లేవాళ్లు హౌరా బస్సు ఎక్కుతారు. ఆమె రోడ్డు దాటి కాళీఘాట్ వైపు బస్సు ఎక్కింది. దాచవలసిన పని లేకపోతే మనిషి అబద్ధం ఎందుకు ఆడుతుంది?

ఆమెనే అడగవలసింది కదా అని కొందరు అంటున్నారు. అడగడానికి నేను పోలీసునా?

ఇరవై నాలుగున, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, పద్దెనిమిది మంది ఆడవాళ్ల మధ్య మోకరించి ఇలా ప్రార్థించాను: పేరు చెప్పను ప్రభువా, నీకు తెలుసు, మాలో ఒక సోదరి మంగళవారం మంగళవారం ఎర్రపూలు మోస్తోంది, ఆమెను వెనక్కి తీసుకురా. ఇంతే. కన్నీళ్లతో చేశాను. అందరూ ఆమెన్ అన్నారు.

ఫిబ్రవరి రెండున ప్రభు బల్ల. పాస్టరు అశోక్‌కుమార్‌గారు వరుసలో రొట్టె పెడుతూ కామాక్షమ్మను దాటి వెళ్లిపోయారు. దానికి నేనేం చేయను? రొట్టె నా చేతిలో లేదు.

ఇంతవరకు చెప్పాక భానుమతి పెన్ను ఆపి, “అమ్మమ్మా, ఒక మాట సెప్పనా?” అంది.

“నిన్ను పిలిసింది రాయడానికి, సెప్పడానికి కాదు” అన్నాను.


ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ కూడా వెళ్లింది. ఎనిమిదింటికి. సంచి చేతిలో ఉంది.


ఫిబ్రవరి 16, ఆదివారం

కామాక్షమ్మ ఆరాధనకు రాలేదు. తప్పు లేకపోతే రావచ్చు కదా అని నీరజ అంది. ఈ నీరజ మా స్త్రీల సమాజం సెక్రటరీ. నిజమే కదా అని నేను కూడా అన్నాను.

ఇది రాస్తూ భానుమతి, “వస్తే సిగ్గు లేదంటారు, రాకపోతే తప్పుందంటారు. మరి ఆవిడేటి సెయ్యాల?” అంది.

“రాయి.”

“రాస్తన్నాను గానీ—”

“రాయి అన్నాను.”


ఫిబ్రవరి 23, ఆదివారం

గెలిచాను.

బల్లకు అటువైపు ఐదుగురు కూర్చున్నారు. సంఘ పెద్ద గోవిందరాజు మధ్యలో. నా కాగితాన్ని ఆయనే చదివాడు. సగం అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు, ఆయన చదువు హిందీలో. చదివాక కళ్లద్దాలు తీశాడు.

“సింహాచలమ్మగారూ, ఆమె గుడి లోపలికి వెళ్లడం మీరు చూశారా?”

“పూలు సూసినాను. సిందూరం సూసినాను. బస్సు సూసినాను.”

“లోపలికి వెళ్లడం?”

“అది సూడనేదు.”

అంతే అడిగాడు. నన్ను దోషిగా నిలబెట్టలేదు. సంఘం మీద భారం ఉన్న తల్లి ప్రార్థించింది, ప్రార్థన మీద విచారణ ఉండదు అన్నారు. కామాక్షమ్మ వచ్చి సంజాయిషీ చెప్పేదాకా బల్లకు దూరం అన్నారు. ఆమెకు కబురు పెట్టారట, రాలేదు. దేవుడికి తెలుసు, చాలు అందట. నలుగురు అడిగినప్పుడు నలుగురికీ చెప్పాలి. ఒక్క దేవుడికే చెబితే ఎలా?

చేపల బజారుకు నేనే వెళ్లి పార్షే చేప తెచ్చి పులుసు పెట్టాను. ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నేను కూడా తినలేదు. చేప నిన్నటిదై ఉంటుంది.

“కేసయిపోనాది కదా, ఈ నోటుబుక్కు ఇంకెందుకు?” అని భానుమతి అడిగింది.

నాకోసం అన్నాను. ఇకనుంచి ఎవరికీ చదివి వినిపించేది కాదు. అయినా భాష మాత్రం ఇలాగే ఉండనీ, అలవాటైంది.


మార్చి 2, ఆదివారం

ప్రభు బల్ల. మోకరించాక లేవలేకపోయాను. నీరజ చెయ్యి అందించింది. మెత్తటి చెయ్యి, పట్టు లేదు. ఇద్దరం పడబోయాం.

కమిటీ కాగితంలో రాయించని సంగతి ఒకటుంది. వాళ్లు అడగలేదు కనుక నేను చెప్పలేదు. పోయిన నెల పాస్టరుగారు కామాక్షమ్మను దాటి నాకు రొట్టె పెట్టినప్పుడు ఆమె నా పక్కనే ఉంది. ఎప్పుడూ నా పక్కనే మోకరిస్తుంది. నా కుడి మోకాలు చెడినప్పటి నుంచి పదేళ్లుగా నన్ను లేవదీసేది ఆమే. ఆ రోజు కూడా లేవదీసింది. నా నోట్లో రొట్టె ఉంది, ఆమె నోరు ఖాళీ. చంకల కింద చెయ్యి వేసి లేవదీసి, కొంగు సర్ది, బెంచీ దాకా నడిపించి కూర్చోబెట్టింది. తర్వాత తన చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఇంక చాలు ఇవాళ్టికి.


మార్చి 4, మంగళవారం

కాళీఘాట్ వెళ్లి వచ్చాను. కాళ్లు వాచాయి. ఏమీ రాయవద్దు.


మార్చి 9, ఆదివారం

ఇవాళ చెబుతాను.

మంగళవారం నేను ఆమె వెనక వెళ్లాను. లోపలికి వెళ్లడం చూశారా అని గోవిందరాజు అడిగిన మాట బట్టలో చిరుగులా ఉండిపోయింది. కుట్టేద్దామనుకున్నాను. కళ్లతో చూసి వచ్చి, చూశాను అని చెబుదామనుకున్నాను. ఆమె బస్సు ముందు తలుపున ఎక్కితే నేను వెనక తలుపున ఎక్కాను. ఆఫీసులకు పోయే జనం మధ్యలో నేను కనబడలేదు.

కాళీఘాట్‌కు ముందే, చేత్లాలో దిగింది. ఒక పాత మేడలోకి వెళ్లింది. నేను ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. అరగంటకు బయటికి వచ్చింది, చక్రాల కుర్చీ తోస్తూ. కుర్చీలో బెంగాలీ ముసలావిడ, ఎముకల పోగు, తెల్లచీర. నోటి వెంట కారుతుంటే కామాక్షమ్మ తన కొంగుతో తుడిచింది.

ఆమె ఎవరని టీ కొట్టువాణ్ణి బెంగాలీలో అడిగాను.

“ఆ కుర్చీలో మాసిమాకి ఆయా. రోజూ వచ్చే ఆయాకి మంగళవారం సెలవు, ఆ రోజు ఈ తెలుగు దీదీ వస్తుంది. మంగళవారం కాళీమా దర్శనం లేకపోతే మాసిమా మెతుకు ముట్టదు. దీదీ తోసుకుపోతుంది. చాలా మంచి మనిషి. మీకేమవుతుంది?”

ఒక్క ప్రశ్న అడిగాను. గ్లాసులు కడుగుతూ మొత్తం చెప్పేశాడు, నేనెవరో కూడా తెలియకుండా.

వంతెన దాటి గుడి సందులోకి వాళ్ల వెనకే నడిచాను. కామాక్షమ్మ దండ కొని ముసలావిడ ఒళ్లో పెట్టింది. గుడి మనిషి ఒకడు వచ్చి ముసలావిడను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. కామాక్షమ్మ వెళ్లలేదు. చెప్పులు వదిలే చోట గోడకు ఆనుకుని కూర్చుంది, ముసలావిడ చెప్పులు ఒళ్లో పెట్టుకుని. కళ్లు మూసుకుంది. పెదాలు కదిపింది. ఆ పెదాలు నాకు తెలియనివా? నలభై ఆరేళ్లు పక్కన కూర్చున్నాను. అన్నం ముందు ఎలా కదులుతాయో, బల్ల ముందు ఎలా కదులుతాయో నాకు తెలుసు. గుడి గోడకు ఆనుకుని ఆమె మన ప్రభువుకే ప్రార్థన చేస్తోంది. నన్ను తలచుకుని చేస్తోందో ఏమో కూడా తెలియదు.

ముసలావిడ బయటికి వచ్చి, పడిపోతానన్న భయంతో ఆమె చెంగు పట్టుకుంది. ఆ వేళ్ల నిండా సిందూరం.

కనబడకుండా వచ్చేశాను.

ఇక్కడ భానుమతి పెన్ను పెట్టేసింది.

“ఆ పూలు నాకే ఇచ్చీది అమ్మమ్మా. మాసిమా సేతిలో పెట్టీస్తే వద్దననేక పట్టుకొచ్చీది. దారిలో పారీస్తే ఎవులైనా తొక్కుతారు, ఆల్ల దేవుడి పూలు కదా, నీ పటాలకి పెట్టుకో అనీది.”

“నీకు తెలిసి సెప్పనేదేటే?”

“ఎన్నిసార్లు నోరు తెరిసినాను! రాయి, రాయి అన్నారు.”

కొడుకుకు తెలియకూడదని కామాక్షమ్మ ఒట్టు వేయించుకుందట. ప్రవీణ్ నాయనమ్మ కార్పొరేషన్‌లో చీపురు పట్టింది, పాయిఖానాలు కడిగింది. అది నాకూ తెలుసు. ఒకరి మలం ఎత్తే పని మా ఇంట్లో ఇంకెవరూ చెయ్యరు అని వాడు ఉద్యోగం వచ్చిన రోజున సంఘంలో సాక్ష్యం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ కొడుకుకు, ముసలావిడకు బెడ్‌పాన్ పెడుతున్నానని ఏ నోటితో చెబుతుంది?

ఇంకొకటి. ఆ శుక్రవారం నేను ప్రార్థించినప్పుడు పద్దెనిమిది మందిలో ఆమె కూడా ఉంది. కళ్లు మూసుకుని ఉంది. అది తన పూల మాటేనని తట్టక, ఎవరో సోదరి తప్పిపోయిందని విని, అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. కళ్లు తెరిచేసరికి అందరూ తనవైపే చూస్తున్నారు.


మార్చి 14, శుక్రవారం

ఉపవాస ప్రార్థనలో చెప్పేద్దామని వెళ్లాను. మాటలు కూడా కూర్చుకున్నాను. ముందు వరుసలో కుర్చీ వేసి ఉంచారు. “అమ్మమ్మగారూ, ఇవాళ మీరే నడిపించాలి” అని నీరజ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నలభై ఆరేళ్లలో ఎప్పుడూ నన్ను నడిపించమనలేదు. చదువు రానిదాన్ని కదా.

జ్వరాల కోసం, పరీక్షల కోసం, పోర్టులో తీసేస్తామంటున్న ఉద్యోగాల కోసం ప్రార్థించాను.

ఉపవాసం నాడు తల తిరుగుతుంది. వచ్చే శుక్రవారం చెబుతాను.


మార్చి 16, ఆదివారం

పాస్టరుగారిని పక్కకు పిలిచాను.

“అయ్యగారూ, ఒకవేళ ఆవిడ గుడిలోకి ఎల్లకపోయుంటే?”

“సంతోషమే కదమ్మా. వచ్చి ఒక్క మాట చెప్పమనండి. తలుపు తెరిచే ఉంది.”

“ఆవిడ రాదు.”

“మరి మీకెలా తెలుసు, వెళ్లలేదని?”

చూశాను అనాలి. ఆ మాట అంటే ఇంకో మాట అనాలి, ఆ తర్వాత ఇంకోటి. పద్దెనిమిది మంది ముందు. మెట్ల మీద పిల్లలు అరుస్తున్నారు, ఆయనను ఎవరో ఫోటోకు పిలుస్తున్నారు. ఊరికే అడిగాను అన్నాను.


మార్చి 25, మంగళవారం

ఎనిమిదింటికి ఆమె తలుపు గొళ్లెం చప్పుడైంది. నా గుమ్మంలోకి రాబోయి ఆగాను. గాలివాన వచ్చేలా ఉంది.


మార్చి 28, శుక్రవారం

ఈ వారం కూడా చెప్పలేదు. నీరజకు ఒంట్లో బాగాలేదు, ఆమె లేకుండా చెబితే మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

భానుమతి రాస్తూ నవ్వింది. మంచి నవ్వు కాదు.


ఏప్రిల్ 6, ఆదివారం

ప్రభు బల్ల. తీసుకున్నాను. రాయి, దాచకు. తెలిసే తీసుకున్నాను.


ఏప్రిల్ 15, మంగళవారం

పరిశుద్ధ వారం. ఈస్టర్ లోపల సర్దుకోవాలని బయలుదేరాను. ఇంటి దగ్గర మాట్లాడితే ప్రవీణ్ ఉంటాడు, ఆడవాళ్ల చెవులు ఉంటాయి. అందుకే నేరుగా కాళీఘాట్ వెళ్లాను. చెప్పులు వదిలే చోట ఆమె కనబడలేదు. చక్రాల కుర్చీ ఒక్కటే ఉంది. ఎండ మాడిపోతోంది. గోడ నీడలో నిలబడ్డాను.

కాసేపటికి ముసలావిడను మోస్తూ గుడి మనిషి వచ్చాడు. అతని వెనక కామాక్షమ్మ వచ్చింది. లోపలి నుంచి. చేతిలో దొన్నె, ముడిలో ఎర్రటి పువ్వు రేకు.

నన్ను చూసి ఆగింది. ముసలావిడను కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు సర్ది, అప్పుడు వచ్చింది.

“ఎండలో నిలబడ్డావేటి? ఆ మెట్టు మీద కూకో. మోకాలు నొప్పెడతాది.”

“లోపలికెల్నావేటి?”

“ఎల్నాను.”

“ఎప్పట్నుంచి?”

“మూడు వారాలవతంది. బయట ఎండ కదా, నువ్వూ రా, ఎవులేటంటారు అంది మాసిమా. ఎల్నాను. ఒక వారగా కూకున్నాను.”

“నమ్ముతున్నావా వదినా?”

ఆమె దొన్నెను కొంగు కింద పెట్టుకుంది.

“ఏమో. అక్కడ కూకుంటే ఎవులూ నన్నేటీ అడగనేదు. నువ్వెవులు, ఎందుకొచ్చినావు, ఏ బస్సెక్కినావు, ఏటీ అడగనేదు. కాళ్లు సాపుకుని ఏడిసినాను. పక్కనావిడ ఇసనకర్రతో ఇసిరింది. ఎందుకేడుస్తన్నావనీ అడగనేదు.”

నా తప్పు అని చెప్పాను. మార్చి నాలుగున వెంట వచ్చానని చెప్పాను. గోడ దగ్గర ఆమె ప్రార్థన చూశానని చెప్పాను. మొత్తం చెప్పాను.

“అప్పుడే సూసినావా?” అంది. కోపం రాలేదు. వస్తే బాగుండేది. “నెల దాటిపోనాది.”

“సెప్పీస్తాను. ఈ శుక్రవారమే సెప్పీస్తాను. అందరి ముందూ. కామాక్షమ్మ గుడికెల్లనేదు, నాను పాపిష్టిదాన్ని అని.”

“ఎల్లనేదని సెప్తావా? ఎల్నాను కదా. నీ ముందే బయటికొచ్చినాను. ఇప్పుడు నా కోసం అబద్ధమాడతావా?”



“ప్రవీణ్‌కి తెలిసిపోనాది” అంది. “నీ గొడవయ్యాక లిలువా ఫోన్ సేసి అక్కని అడిగినాడు. అంతా కక్కించినాడు. ‘ఈ ఆయా పనికన్నా గుడికెల్లినా బాగుణ్ణే’ అన్నాడు నన్ను. ఒకింట్లోనే ఉన్నాం. మాటల్లేవు.”

“నాను మాటాడతాను వాడితో.”

“వద్దు.” ముసలావిడ ఏదో అరుస్తోంది. వెళుతూ వెనక్కి తిరిగింది. “ఒక్క మాట అడిగుంటే సెప్పీదాన్ని వదినా. నీతో సెప్పుకోవాలనే ఉండీది. ఎలాగడుగుతుందో, ఎప్పుడడుగుతుందో అనుకునీదాన్ని. పూలు కనబడాలనే సంచిలో పైన పెట్టీదాన్ని ఒకోసారి.”

కుర్చీ తోసుకుంటూ వెళ్లిపోయింది. కుర్చీ చక్రం ఒకటి కిర్రుమంటోంది. సందు మలుపు తిరిగాక కూడా వినబడింది.


ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని మా అబ్బాయితో చెప్పించాను. ఆమె తలుపు వేసే ఉంది. నా తలుపు కూడా.


ఏప్రిల్ 25, శుక్రవారం

చెప్పాను.

నేనే లేచి నిలబడి చెప్పాను, మోకరించలేదు, ప్రార్థనలా చేయలేదు. పేరు పెట్టి చెప్పాను. నేను ప్రార్థించిన రోజుకు కామాక్షమ్మ గుమ్మం తొక్కలేదని, ముసలావిడకు ఆయాగా వెళ్లేదని, బయట కూర్చుని మన ప్రభువునే తలచుకునేదని, నా కళ్లతో చూశానని చెప్పాను. అడగకుండా అనుమానించానని, అనుమానాన్ని ప్రార్థన అన్నానని చెప్పాను. మనం బల్ల నుంచి తరిమాక, ఆ తర్వాతే ఆమె లోపలికి వెళ్లిందని చెప్పాను.

తర్వాత ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నాకు ఆశ పుట్టింది.

“వెళ్లిందన్నమాట!” అని నీరజ అంది. “మొన్న మా ఆయన కూడా చూశాడంట, పువ్వు పెట్టుకుని రావడం. అమ్మమ్మగారూ, ప్రభువు మీకు ముందే చూపించేశాడు!”

“ముందు కాదు నీరజా. నాను—”

“జరగబోయేది జనవరిలోనే మీ నోట పలికించాడు. ఎంత తగ్గించుకుని చెబుతున్నారో చూడండి. నా తప్పు, నా తప్పు అంటున్నారు. ఇదీ దీనమనస్సు అంటే.”

స్తోత్రం, స్తోత్రం అన్నారు. కాదు కాదు అన్నాను. ఎంత కాదన్నా స్తోత్రమే. “నోర్మూసుకోండే, నాను సెప్పీది ఇనండి!” అని అరిచాను కూడా. పెద్దావిడకు ఆత్మభారం ఎక్కువైందని మంచినీళ్లు తెచ్చారు.

తర్వాత నీరజ నా పక్కకు జరిగి గొంతు తగ్గించింది. జ్యోతిరాణి అని టికియాపారా నుంచి వచ్చే పిల్ల ఉంది, రెండు వారాలుగా సాయంత్రం కూడికకు రావడం లేదు, ఎవరితోనో తిరుగుతోందని అనుమానం, మీరు ఒకసారి ప్రార్థనలో పెట్టండి, మీకైతే ప్రభువు చూపిస్తాడు అంది.

“అడిగినావా ఆ పిల్లని?” అన్నాను.

“అబ్బే, అడిగితే ఏమనుకుంటుంది!”

నేను ప్రార్థించలేదు. వాళ్లు తలలు వంచి ఎదురు చూశారు. కాసేపయ్యాక వాళ్లలో వాళ్లే ఎవరో మొదలుపెట్టారు. సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. మెట్ల దాకా వినబడుతూనే ఉంది.


ఏప్రిల్ 27, ఆదివారం

కామాక్షమ్మ పేరు సభ్యుల పట్టిక నుంచి తీసేసినట్టు చదివారు. పాస్టరుగారితో వాదించాను. మీరే కదమ్మా శుక్రవారం చెప్పారు, వెళ్లిందని, అన్నారు. నాకే అప్పజెప్పారు నా మాట.

టికియాపారా పిల్ల ఇంటికి వెళ్లి అడిగాను. వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చిందట, సాయంత్రాలు ఆమే చూసుకుంటోంది. నీరజకు చెప్పాను. అలా చెప్పిందా, పాపం, అంది. ఆ ‘పాపం’ ఎలాంటిదో నాకు తెలుసు.


మే 6, మంగళవారం

తెల్లవారకముందే లేచి తల దువ్వుకుని వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. ఎనిమిదింటికి గొళ్లెం తీసిన చప్పుడు. కామాక్షమ్మ బయటికి వచ్చింది. ఉతికిన చీర, చేతిలో సంచి.

లేచి నిలబడ్డాను. గోడ పట్టుకుని లేచాను.

“ఎక్కడికెల్తన్నావు వదినా?” అన్నాను.

నవ్వింది. కొత్తగా వచ్చినవాళ్లను, అద్దె గది అడగడానికి వచ్చినవాళ్లను చూసి నవ్వినట్టు, మర్యాదగా.

“బజారుకండీ” అంది.

నలభై ఆరేళ్లలో నన్ను ‘అండీ’ అనలేదు.

మెట్లు దిగింది. వరండా చివర నిలబడితే క్రాసింగు కనబడుతుంది. బజారు ఎడమ పక్క. ఆమె రోడ్డు దాటింది. చేత్లా బస్సు వచ్చింది, అడ్డంగా ఆగింది, కదిలింది. బస్సు పోయాక అక్కడ ఎవరూ లేరు.

భానుమతి పక్కకు వచ్చి నిలబడింది. “ఎక్కడికెల్నాది?” అని అడిగింది.

బజారుకే వెళ్లింది. అలాగే రాయి.